పాత టూ ఇన్ వన్‌కి కరెంటు వైరు: సాకెట్ ఏదో తేల్చుకుంటే సగం పని అయినట్టే

మీ నాన్నగారు సౌదీ నుంచి తెచ్చిన టూ ఇన్ వన్ (రేడియో, క్యాసెట్ కలిసిన సెట్టు) వెనక రెండు పిన్నుల సాకెట్ ఉందని, ఇప్పుడు దొరికే ఎనిమిది అంకె ఆకారపు వైరు అందులో దిగట్లేదని, షాపుల్లో అలాంటివి రావట్లేదంటున్నారని రాశారు. మా బాబాయి సౌదీ నుంచి తెచ్చిన సెట్టుదీ ఇదే గొడవ. దాన్ని బాగుచేసింది నేనే కాబట్టి చెబుతున్నా.

వైరు కోసం తిరిగే ముందు సెల్లులు వేసి చూడండి. ఆరు పెద్ద సెల్లులు పట్టేదైతే అది 9 వోల్టుల సెట్టు. స్ప్రింగుల మీద పచ్చటి చిలుము ఉంటే గీకేయండి. రేడియో పలికిందంటే లోపల ప్రాణం ఉన్నట్టే, వెతుకులాట దండగ కాదు.

తర్వాత వోల్టేజీ. సౌదీలో చాలాచోట్ల ఇళ్లకి 127 వోల్టుల కరెంటే ఉండేది. 230కి మారాలని నిర్ణయించింది 2010లో. అందుకని అక్కడ అమ్మిన చాలా సెట్లకి వెనకో, అడుగునో 110, 127, 220, 240 అని అంకెలున్న చిన్న సెలెక్టర్ ఉంటుంది. బాణం 127 మీద ఉండగా మన 230 ఇచ్చారంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. నేనైతే 240 మీద పెడతాను, మా వీధిలో రాత్రిపూట వోల్టేజీ ఎక్కువే వస్తుంది మరి. సెలెక్టర్ లేకుండా ఒక్క 110 అనో 127 అనో రాసి ఉంటే విడిగా వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50 అని టెన్షన్ వద్దు, క్యాసెట్ మోటారు డీసీ మీద తిరుగుతుంది.

ఇక సాకెట్. ఇప్పటి ఎనిమిది ఆకారపు వైరు పేరు సీ7, సెట్టు వైపు ఉండే దాని జోడీ సీ8. రెండు పిన్నుల మధ్య దూరం, నడిమి నుంచి నడిమికి, 8.6 మిల్లీమీటర్లు. పిన్ను లావు సుమారు 2.4. పాత సెట్లలో నడుము లేకుండా కోలగా ఉండే సాకెట్లు, ఒక పక్క గుండ్రంగా ఇంకో పక్క చదరంగా ఉండేవి కూడా కనిపిస్తాయి. పక్కనే స్కేలు పెట్టి, ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో నోటితో వర్ణిస్తే తల అడ్డంగా ఊపిన షాపాయనే, కొలతతో ఫొటో చూపించేసరికి లోపలికెళ్లి వెతికాడు. దొరకలేదనుకోండి, అది వేరే సంగతి.

కొలతలన్నీ కలిసి ప్లాస్టిక్ అంచు ఒక్కటే అడ్డొస్తే కొందరు బ్లేడుతో చెక్కి దింపుతారు. లోపలి ఇత్తడి బయటపడనంత వరకు నాకు అభ్యంతరం లేదు. పిన్నులే కలవకపోతే మాత్రం దూర్చొద్దు. వదులుగా ఉన్నచోట నిప్పురవ్వలు లేచి సాకెట్ కరుగుతుంది.

నేను చివరికి సాకెట్టే మార్చి సీ8 బిగించాను. రంధ్రాన్ని ఆకురాయితో కాస్త వెడల్పు చేస్తే సరిపోయింది. అసలు తిరకాసు వెనకాల ఉంది. ఇలాంటి చాలా సెట్లలో ఏసీ సాకెట్‌లోనే ఒక రేకు స్విచ్ ఉంటుంది. ప్లగ్గు లోపలిదాకా వెళ్లి దాన్ని నొక్కితేనే సెల్లుల లైను తెగి కరెంటు లైను కలుస్తుంది. వైరు పట్టినట్టే ఉన్నా కరెంటు మీద సెట్టు పలకదు, సెల్లుల మీద పలుకుతుంది అంటే ముందు ఈ రేకునే అనుమానించండి. మామూలు సీ8లో ఆ స్విచ్ ఉండదు. నేను రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) నుంచి వచ్చే వైరుని శాశ్వతంగా కలిపేసి, సెల్లుల వైరు విడదీసి, కొసకి స్లీవు తొడిగాను. రెండిటినీ కలిపేస్తే కరెంటు సెల్లుల్లోకి ఎక్కి అవి కారతాయి, పగిలినా పగలొచ్చు.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు 60 వాట్ల ఫిలమెంట్ బల్బుని సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే సెట్టుకి వెళ్లేలా పెట్టండి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే తీసేయండి. 230 వోల్టుల పని అలవాటు లేకపోతే మెకానిక్‌కి ఇవ్వండి.

ఇంత తలనొప్పి ఎందుకు అనుకుంటే, సెట్టు పక్కన డీసీ అని రాసిన గుండ్రటి రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే దానికి అడాప్టర్ పెట్టుకోండి, మీకు నా సలహా అదే. కాకపోతే ఆ రంధ్రం పక్కన బొమ్మ చూసుకోవాలి. పాత సెట్లలో మధ్య పిన్ను మైనస్ కావడం మామూలే, ఇప్పటి అడాప్టర్లలో ఎక్కువగా ప్లస్. బయటి కొలత 5.5 మిల్లీమీటర్లే అయినా లోపలి పిన్ను 2.1, 2.5 అని రెండు రకాలు. తేలికపాటి కొత్త అడాప్టర్లతో మీడియం వేవ్‌లో గరగర ఎక్కువ వస్తుంది, ఆకాశవాణి వినాలనుకుంటే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న బరువైనదే తీసుకోండి.

రేడియో వచ్చి క్యాసెట్ తిరగకపోతే వైరుని తిట్టుకోకండి. లోపలి రబ్బరు బెల్టు సాగిపోయో, జిగటగా కరిగిపోయో ఉంటుంది.