మొదటి సీజన్‌లోనే కప్పు కొట్టిన కోచ్‌లు తర్వాత ఎందుకు తడబడతారు?

కెరీర్ మొదట్లోనే పెద్ద కప్పు గెలిచిన ఫుట్‌బాల్ హెడ్ కోచ్‌లు తర్వాత ఎందుకు తడబడతారు, గెలుపు తలకెక్కి పొగరు రావడమే కారణమా అని అడిగారు. పొగరు కాదు. ఈ విషయంలో నాకు గట్టి నమ్మకం ఉంది. 2004లో చెల్సీకి వచ్చిన రోజే మీడియా ముందు తనను తాను 'స్పెషల్ వన్' అని చెప్పుకున్న పోర్చుగల్ కోచ్ మౌరిన్హో, ఆ తర్వాత చెల్సీకీ, ఇంటర్ మిలాన్‌కీ, రియల్ మాడ్రిడ్‌కీ లీగ్ టైటిళ్ళు తెచ్చిపెట్టాడు. పొగరు ఒక్కటే మనిషిని ముంచేదైతే ఆయన ఎప్పుడో మునిగేవాడు.

అసలు చిక్కేమిటంటే, తొందరగా గెలిచినవాడు తను ఎందుకు గెలిచాడో తెలుసుకునే లోపే గెలిచేస్తాడు. ఆ గెలుపులో తన పాలెంత, ఆటగాళ్ళ పాలెంత, అవతలి టీం బలహీనత ఎంత అని విడదీసి చూసుకునే అవసరం ఓడినవాడికే వస్తుంది. గెలిచినవాణ్ణి ఎవరూ అడగరు. దండలు వేసి పంపిస్తారు.

నాకిది పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు. డిగ్రీ చదివే రోజుల్లో నల్లగొండలో ఒక టౌన్ క్లబ్బుకి లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా ఆడేవాణ్ణి. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్‌లో కోచింగ్ కోర్సు పూర్తి చేసుకుని వచ్చిన ఒక కుర్ర కోచ్‌ని మా కమిటీ పెట్టుకుంది. నిజంగా మంచి కోచ్. బంతి మన దగ్గరికి రాకముందే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకోమని పొద్దున్నే ఆరింటికి గ్రౌండ్‌లో నిలబెట్టి మరీ నేర్పించాడు. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఆయన వచ్చిన ఏడాదే మహబూబ్‌నగర్‌లో జరిగిన టోర్నమెంటుకి వెళ్ళి కప్పు కొట్టుకొచ్చాం.

ఎలా గెలిచామో ఆడిన మాకు తెలుసు. దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన ఒక పిల్లవాడు మాకు లెఫ్ట్ వింగ్ ఆడేవాడు. నేను వెనకనుంచి బంతిని కార్నర్ జెండా వైపు పొడుగ్గా కొట్టేవాణ్ణి, వాడు డిఫెండర్‌ని దాటుకుని పోయి క్రాస్ వేసేవాడు, మా సెంటర్ ఫార్వర్డ్ తలతో గోల్‌లోకి కొట్టేవాడు. వాడు పరుగందుకుంటే పట్టుకునేవాడు ఆ టోర్నమెంటులోనే లేడు. మా ప్లాన్ మొత్తం అదే. మర్నాడు పేపర్లో మాత్రం మా కోచ్‌ని గొప్ప వ్యూహకర్త అని రాశారు. క్లాక్ టవర్ దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో కోచ్ ఫొటో నిలువెత్తున ఉంది, మేమందరం కింద పాస్‌పోర్టు సైజులో ఉన్నాం. అది ఆయన కట్టించుకున్నది కాదు, కమిటీ పెద్దలే కట్టించారు. చూసి సిగ్గుపడ్డాడు కూడా.

మరుసటి ఏడాది ఆ తండా పిల్లవాడికి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది, ట్రైనింగ్‌కి వెళ్ళిపోయాడు. ఫైనల్ రోజు ఎవరెక్కడ ఆడాలో గీసిన కాగితాన్ని మా కోచ్ లామినేషన్ చేయించి కిట్ బ్యాగులో పెట్టుకున్నాడు. ప్రతి మ్యాచ్ ముందూ అదే తీసేవాడు. ఆ పిల్లవాడి పేరున్న చోట బ్యాండేజీ పట్టీ ముక్క అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో కొత్త కుర్రాడి పేరు రాశాడు. బాణం గుర్తు మాత్రం కార్నర్ జెండా దాకా అలాగే ఉంది. కొత్త కుర్రాడు పాసులు బ్రహ్మాండంగా ఇచ్చేవాడు కానీ పరుగులో వెనకబడేవాడు.

టోర్నమెంట్ మొదటి మ్యాచ్‌లో హాఫ్ టైమ్‌కే రెండు గోల్స్ వెనకబడ్డాం. వేపచెట్టు కింద కూర్చుని గ్లూకోజ్ నీళ్ళు తాగుతుంటే మా కెప్టెన్ మెల్లగా అన్నాడు: "సార్, వాళ్ళందరు ఎడమ దిక్కే కాపలా ఉంటున్నరు. కుడి దిక్కు మొత్తం ఖాళీ. ఒక్క పది నిమిషాలు అటు ఆడి చూద్దామా?"

కోచ్ ఆ కాగితం తీసి బాణం గుర్తు మీద గోటితో టకటకా కొట్టాడు. "పోయినేడు కప్పు దెచ్చింది గిదే. గిదే ఆడుండ్రి."

నేను పక్కనే ఉన్నాను. ఆ గొంతులో పొగరు లేదు, భయం ఉంది. ఆ కాగితం వదిలేస్తే ఇక తన చేతిలో ఏమీ మిగలదన్న భయం అది. సెకండ్ హాఫ్ అంతా నేను ఎడమవైపే బంతి కొడుతూ పోయాను, వాళ్ళ రైట్ బ్యాక్ తాపీగా అందుకుంటూ పోయాడు. చిత్తుగా ఓడిపోయాం.

నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఆ తర్వాత జరిగినదానికి. దండలేసిన కమిటీయే మీటింగ్ పెట్టి ఆయన్ని తీసేసింది. రావాల్సిన జీతం కూడా పూర్తిగా ఇవ్వలేదు. ఎందుకు ఓడాం, ఏం మార్చాలి అని ఆయనతో కూర్చుని మాట్లాడినవాడు ఒక్కడు లేడు. ఇంకో ఏడాది ఉంచి ఉంటే ఆ కాగితం ఆయనే చించేసేవాడు, నాకు ఆ నమ్మకం ఉంది. ఆయన హైదరాబాద్ వెళ్ళిపోయి ఒక జిమ్ చూసుకుంటున్నాడని విన్నాను. కోచింగ్ మళ్ళీ ముట్టుకోలేదు. బంతి ఎలా ఆపాలో అంత బాగా నేర్పగలిగిన మనిషి మా జిల్లాకి మళ్ళీ దొరకలేదు.

గ్రౌండ్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మనసొప్పదు. మేము ప్రాక్టీస్ చేసే గ్రౌండ్‌ని ఏడాదిలో ఎన్నిసార్లు ఎగ్జిబిషన్లకీ, మీటింగులకీ ఇస్తారో లెక్కలేదు. షామియానా గుంజలు పీకేసి గుంతలు పూడ్చకుండా పోతారు. వాటిలో కాలు పడి మడమ బెణికిన పిల్లల్ని నేనే బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్ళాను. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ కప్పు గెలిస్తే, అదే వారంలో ఐపీఎల్ మొదలైందని మా ఊళ్ళో దాని గురించి మాట్లాడిన మనిషి లేడు. ఇలాంటి చోట కోచ్‌కి ఒక్క గెలుపు దొరికితే దాన్నే పట్టుకుని వేలాడతాడు. అందులో అతని తప్పెంత?

ఇక మీరు అడిగిన పెద్ద కోచ్‌ల దగ్గరికి వస్తాను. ఆంద్రే విల్లాస్-బోయాస్ కథ చూస్తే నాకు మా కోచే కనిపిస్తాడు. 2010-11లో పోర్టోకి వచ్చిన మొదటి సీజన్‌లోనే పోర్చుగల్ లీగ్‌ని ఒక్క మ్యాచ్ ఓడకుండా గెలిపించాడు: 27 గెలుపులు, 3 డ్రాలు. దేశీయ కప్పు కూడా గెలిచాడు. డబ్లిన్‌లో బ్రాగాని 1-0తో ఓడించి యూరోపా లీగ్ ఎత్తినప్పుడు ఆయన వయసు 33. ఆ వేసవిలోనే చెల్సీ పోర్టోకి సుమారు 1.5 కోట్ల యూరోలు కట్టి ఆయన్ని తీసుకెళ్ళింది. అక్కడి డ్రెస్సింగ్ రూమ్‌లో ద్రోగ్బా, లాంపార్డ్ ఆయనకంటే నెలల తేడాతో చిన్నవాళ్ళు. వాళ్ళు అప్పటికే అన్నీ చూసినవాళ్ళు.

పోర్టోలో డిఫెన్స్ లైన్‌ని బాగా ముందుకు జరిపి ఆడించిన ఆట ఫలించింది కదా, అదే చెల్సీలోనూ మొదలుపెట్టాడు. బంతి వెనక పడితే అంత దూరం వెనక్కి పరుగెత్తే వేగం వాళ్ళ డిఫెండర్ టెర్రీకి లేదు. 2011 అక్టోబరులో సొంత మైదానంలోనే ఆర్సెనల్ చేతిలో 5-3తో ఓడారు, వాన్ పెర్సీ హ్యాట్రిక్ కొట్టాడు. ఫిబ్రవరిలో ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ తొలి మ్యాచ్‌లో నాపోలి మీద లాంపార్డ్‌నీ, యాష్లీ కోల్‌నీ, ఎస్సియెన్‌నీ బెంచీ మీద కూర్చోబెట్టి 3-1తో ఓడాడు. మార్చిలో తీసేశారు. ఒక్క సీజన్ కూడా పూర్తి కాలేదు.

అసిస్టెంట్‌గా ఉన్న డి మాటియోకి టీం అప్పగిస్తే, ఆయన అదే ఆటగాళ్ళతో రెండో మ్యాచ్‌లో నాపోలిని 4-1తో తిప్పికొట్టి, మేలో మ్యూనిక్‌లో బయర్న్‌ని పెనాల్టీల్లో ఓడించి ఛాంపియన్స్ లీగ్ తెచ్చాడు. ఇది అందరికీ గుర్తుంటుంది. నవంబరులో యువెంటస్ చేతిలో 3-0తో ఓడగానే ఆయన్నీ తీసేశారన్నది మాత్రం చాలామంది మర్చిపోతారు. కప్పు గెలిచి ఆరు నెలలే అయింది. ఆ ఇద్దరిలో ఎవరికి పొగరుందని అంటారు?

అందుకే నేననేది, తొలి గెలుపు కోచ్‌ని పాడుచెయ్యదు. గెలిచిన తర్వాత వచ్చే మొదటి ఓటమిలో పక్కన ఎవరూ నిలబడకపోవడం పాడుచేస్తుంది. గ్వార్డియోలా 2008లో బార్సిలోనా పగ్గాలు పట్టాక లీగ్‌లో మొదటి మ్యాచే నుమాన్సియా చేతిలో ఓడాడు, రెండోది రేసింగ్‌తో డ్రా చేసుకున్నాడు. అప్పుడు క్లబ్బు బెదిరిపోలేదు. ఆ సీజన్‌లోనే లీగ్, కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ వచ్చాయి.

అంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గరే ఉంది. హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1950లో ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ టీం బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు గెలిచింది, తర్వాత వరసగా 1954 దాకా వదల్లేదు. దేశం టీంకి కోచ్ అయ్యీ కాగానే 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. తొలి గెలుపంటే అదీ. ఏడాది తిరిగేసరికి హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా మనల్ని 10-1తో చితకబాదింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు.

10-1! ఇప్పుడైతే విమానం దిగేలోపే కోచ్‌ని మార్చేస్తారు. కానీ ఆయన్ని పూర్తిగా పక్కన పెట్టెయ్యలేదు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. హంగేరీ ఆట నుంచి నేర్చుకుని సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి లాగాడు, తర్వాత 4-2-4 పద్ధతిని (వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు) మనవాళ్ళకి అలవాటు చేశాడు. డ్రిబ్లింగ్ చెయ్యకుండా ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు పెట్టాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి చేరాం, నాలుగో స్థానం వచ్చింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడినా, తలకి దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టాడు. జర్నైల్ సెమీస్‌లోనూ ఫైనల్‌లోనూ గోల్ కొట్టాడు. అదే కొరియాని 2-1తో ఓడించి మళ్ళీ బంగారం. పాత కాగితం పట్టుకు కూర్చునే కోచ్ చేసే పనా ఇది? అప్పటికే క్యాన్సర్ ఆయన్ని తినేస్తోంది. 1963 జూన్‌లో పోయారు.

ఇప్పుడు నేను సాయంత్రాలు పిల్లలకి ఆట నేర్పిస్తాను, రహీం సాబ్ లాగే వారానికోసారి ఎడమ కాలితోనే ఆడిస్తాను. మా క్లబ్బు కమిటీలో కూడా ఉన్నాను. మొన్న చలికాలంలో మా కొత్త కుర్ర కోచ్ వచ్చిన మొదటి టోర్నమెంటే గెలిచాడు. సన్మానం చేద్దామని అందరూ లేచారు. సన్మానం తర్వాత, ముందు మూడేళ్ళకి అగ్రిమెంట్ రాసివ్వండి, మధ్యలో ఎన్ని ఓడినా తీసేసేది లేదని అందులో ఉండాలి అన్నాను. ఒక పెద్దాయన ఒప్పుకోవట్లేదు, ఏడాది చాలంటున్నాడు. వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగ్ ఉంది. రెండేళ్ళకైతే ఒప్పించగలననుకుంటున్నాను, మూడేళ్ళే అడుగుతాను.