ఎండుమిర్చి కోడిగుడ్డుకు సాటి వస్తుందా?

వంద గ్రాముల ఎండుమిర్చిలో కోడిగుడ్డుతో సమానంగానో, అంతకంటే ఎక్కువగానో మాంసకృత్తులు ఉన్నాయనీ, విటమిన్‌ ‘ఎ’ అయితే పది రెట్లకు పైగా ఉందనీ చదివానని, అలాంటప్పుడు రోజూ కారం తినే మనకు గుడ్డు నిజంగా అవసరమా అని మీరు అడిగారు. మీరు చదివిన అంకెలు సరైనవే. పట్టికను బట్టి వంద గ్రాముల ఎండుమిర్చిలో 12 నుంచి 16 గ్రాముల వరకు మాంసకృత్తులు కనిపిస్తాయి, అంతే బరువు గుడ్డులో పన్నెండున్నర గ్రాములు ఉంటాయి. కానీ ఆ పోలికను పట్టుకుని ఇంట్లో గుడ్డు మానేస్తే పిల్లలకు అన్యాయం చేసినవారు అవుతారు. ఈ మాట ఇంత గట్టిగా అనడానికి నాకు కారణం ఉంది.

గుంటూరు శివారులో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చాలా కాలంగా జీవశాస్త్రం చెబుతున్నాను. మా పిల్లల్లో ఎక్కువమంది మిరప వేసే ఇళ్ళ నుంచో, మిరప మార్కెట్‌ యార్డులో బస్తాలు మోసేవారి ఇళ్ళ నుంచో, శీతల గిడ్డంగుల దగ్గర తొడిమలు తీసే తల్లుల ఇళ్ళ నుంచో వస్తారు. ఆ ఇళ్ళలో మిరపకాయ అంటే కూరలో వేసే దినుసు మాత్రమే కాదు. ఫీజులు, పెళ్ళిళ్ళు, అప్పులు అన్నీ దాని ధర మీదే నడుస్తాయి. అందుకే దాన్ని గురించి మంచి మాట ఎక్కడ కనిపించినా మావాళ్ళు వెంటనే నమ్ముతారు.

ఒక మార్చి నెలలో, కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, ఎనిమిదో తరగతి అమ్మాయి తండ్రి భోజనం వేళకు బడికి వచ్చారు. కొంత సొంత పొలం, మరికొంత కౌలు చేసే రైతు. యార్డుకు వెళుతూ దారిలో ఆగారు. చేతిలోని ఫోనులో ఎవరో పంపిన పట్టిక ఉంది. మీరు చదివినదీ బహుశా అదే కావచ్చు. “మాస్టారూ, మా అమ్మాయికి గుడ్డు వాసన పడదండీ, బలవంతం చేయమాకండి. మన కాయలోనే ఇంత బలం ఉందని ఇందులో రాశారు కదండీ” అన్నారు. ఆయన వాదించడానికి రాలేదు. తాను పండించిన పంటకు ఎవరో ఇచ్చిన గౌరవాన్ని నాకు చూపించాలని వచ్చారు, అది ఆయన ముఖంలోనే తెలుస్తోంది.

ప్రయోగశాల బీరువాలోంచి రెండు పళ్ళేల త్రాసు తీసి బల్ల మీద పెట్టాను. వంటమ్మను అడిగి ఒక ఉడికిన గుడ్డు తెప్పించి, పెంకు ఒలిచి ఒక పళ్ళెంలో ఉంచాను. ఆయన మచ్చు కోసం తెచ్చుకున్న సంచిలోంచి తేజ రకం కాయలు తీసి రెండో పళ్ళెంలో వేయమన్నాను. ఆయన ప్రతి పిడికెడూ ముందు చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూశారు. లోపలి గింజలు గలగలమంటే కాయ బాగా ఎండినట్టు లెక్క. ఆ అలవాటు ఆయనకు చేతిలోనే ఉంది. మూడు నాలుగు పిడికెళ్ళు పడ్డా ముల్లు కదలలేదు. కాయలు పళ్ళెం అంచు దాటి బల్ల మీదకు జారడం మొదలుపెట్టాయి, ముందు బెంచీలో ఉన్న పిల్లలు తుమ్మసాగారు, కిటికీలు తెరిచాం. చివరకు పళ్ళేలు సమానమయ్యేసరికి ఒక పక్క అరచేతిలో ఇమిడే తెల్లటి గుడ్డు, మరో పక్క యాభై దాటిన మిరపకాయల కుప్ప. “మీ ఫోనులో ఉన్న పట్టిక చెప్పేది ఇదేనండీ. ఈ కుప్పలోనూ ఈ గుడ్డులోనూ మాంసకృత్తులు దాదాపు సమానం, ఆరేడు గ్రాములు” అన్నాను. ఆయన కుప్పను కాసేపు చూసి, “ఇన్ని కాయలు ఒక్కపూట తింటే మనిషి లేస్తాడా మాస్టారూ?” అన్నారు.

ఆ తరవాతి సంగతి ఆయనే నాకంటే బాగా వివరించారు. అసలు మిరపకాయలో అంత మాంసకృత్తు ఎలా వచ్చిందని పిల్లలు అడిగితే, కాయ చెట్టు మీద పచ్చిగా ఉన్నప్పుడు వంద గ్రాములకు రెండు గ్రాముల మాంసకృత్తే ఉంటుందని నేను చెప్పాను. “మరి నాలుగు కిలోల పండుకాయ కల్లంలో ఎండితే కిలో దిగుతుంది కదండీ, నీళ్ళన్నీ పోయి సారమంతా అందులోనే మిగులుతుంది” అని ఆయన అందుకున్నారు. కిటుకంతా ఇక్కడే ఉంది. గుడ్డులో దాదాపు మూడు వంతులు నీరు, ఎండుమిర్చిలో సుమారు పదో వంతే ఉంటుంది. తడి వస్తువునూ ఎండిన వస్తువునూ వంద గ్రాముల చొప్పున పక్కపక్కన పెడితే ఎండినదే గొప్పగా కనిపిస్తుంది. గుడ్డును కూడా ఎండబెట్టి పొడి చేస్తే వంద గ్రాములకు సుమారు 48 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. జీలకర్రలో 17 గ్రాములకు పైగా ఉన్నాయని తిరిగే సందేశం కూడా ఇలాంటిదే. పోపులో వేసే చెంచా జీలకర్ర బరువు రెండు గ్రాములు, అందులో వచ్చేది అర గ్రాముకు లోపే.

కాబట్టి లెక్క వేయవలసింది కంచంలో పడే కొలతతో. గుంటూరులో కూడా ఒక మనిషి రోజుకు తినే కారం రెండు చెంచాలు, అంటే ఐదు గ్రాములు అనుకుందాం. అందులో మాంసకృత్తు ఒక గ్రాము కూడా ఉండదు. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం పురుషుడికి రోజుకు 54 గ్రాములు, స్త్రీకి సుమారు 46 గ్రాములు కావాలి. ఒక్క గుడ్డు అందులో ఆరు గ్రాములు ఇస్తుంది, పైగా మన శరీరం తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ అందులో ఉంటాయి. విటమిన్‌ బి12 సంగతి చెప్పనే అక్కరలేదు. గుడ్డు ఒక్కొక్కటి దాదాపు అర మైక్రోగ్రాము ఇస్తుంది, మిరపకాయ సున్నా, ఎందుకంటే మొక్కల్లో ఆ విటమినే తయారుకాదు. మెదడుకు, కాలేయానికి కావలసిన కోలిన్‌ ఒక గుడ్డులో 150 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది.

మిరపకాయను తక్కువ చేయాలని నాకు లేదు. విటమిన్‌ ‘ఎ’ విషయంలో అది నిజంగానే గట్టిది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం లెక్కిస్తే ఐదు గ్రాముల కారం ఒక గుడ్డుకు సాటి వస్తుంది. అయితే అది కాయ ఎర్రదనంతో పాటు ఉండే, ఒంట్లోకి వెళ్ళాక విటమిన్‌ ‘ఎ’గా మారే కెరోటిన్ల రూపంలో ఉంటుంది, నూనె తోడు లేకపోతే ఒంటికి సరిగా పట్టదు, నిల్వ ఉన్నకొద్దీ గాలికి, వెలుతురుకు తగ్గిపోతుంది. గుంటూరు చుట్టూ ఇన్ని శీతల గిడ్డంగులు ఉన్నది కాయ రంగు పోకుండా కాపాడటానికి కూడా. రంగు వెలిసిందంటే దానితో పాటు ఈ పోషకమూ వెలిసినట్టే. విటమిన్‌ ‘సి’ అయితే పచ్చిమిర్చిలో పుష్కలం, గుడ్డులో అసలు లేదు. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్‌ సెంట్‌ జార్జి, సెగెడ్‌ పట్టణంలో దొరికే మిరప జాతి కాయల నుంచే ఆ విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరు చేశారు, 1937లో నోబెల్‌ బహుమతి అందుకున్నారు. కానీ కాయ ఎండే క్రమంలో అందులో చాలా భాగం నశిస్తుంది కనుక ఎండుకారం నుంచి దాన్ని ఆశించకూడదు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్న సంగతి. మన ప్రాంతంలో సమస్య కారంలో పోషకాలు ఉన్నాయా లేదా అన్నది కాదు. కారం ఉంటే వేరే ఏమీ లేకుండానే కంచం నిండా అన్నం తినేయవచ్చు, అదీ సమస్య. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌ నోటిలో వేడిని పసిగట్టే నాడుల్నే తట్టి లేపుతుంది (ఆ నాడుల్లో వేడిని, ఘాటును పట్టే గ్రాహకాన్ని కనుగొన్నందుకే డేవిడ్‌ జూలియస్‌కు 2021లో నోబెల్‌ వచ్చింది), నోట్లో నీళ్ళు ఊరతాయి, ఒట్టి అన్నం కూడా హాయిగా గొంతు దిగుతుంది. గొడ్డుకారం, చెంచా నూనె, పెద్ద ముద్ద అన్నం: కడుపు నిండింది, నాలుక సంతోషించింది, కానీ ఎదిగే పిల్లకు కావలసిన సరుకు ఆ కంచంలో లేదు. ఉదయం అలా తిని వచ్చిన పిల్లలు పదకొండు గంటలకు బల్ల మీద తల వాల్చడం నేను ఏళ్ళ తరబడి చూస్తున్నాను. మా పిల్లల నీరసానికి సగం కారణం ఇదేనని నా గట్టి నమ్మకం. పేదరికం వల్ల అలా తినే ఇళ్ళను నేను తప్పు పట్టను. కానీ గుడ్డు కొనగలిగిన ఇళ్ళలోనూ, బడిలో ఉచితంగా గుడ్డు పెడుతున్నప్పుడు కూడా, ఎవరో పంపిన పట్టిక చూసి దాన్ని కాదనడం నన్ను బాధిస్తుంది.

ఇదే కోవలో మరో రెండు బాధలున్నాయి. గుంటూరు బ్రాడీపేటలో వ్యాయామశాలలకు వెళ్ళే మా పాత విద్యార్థులు కొందరు పచ్చసొన తీసి పారేసి తెల్లసొన మాత్రమే తింటున్నారు. నేను పైన చెప్పిన కోలిన్‌, విటమిన్‌ ‘ఎ’, బి12లో అధిక భాగం, ఉన్న కాస్త ఇనుము, అన్నీ ఆ పారేసిన సొనలోనే ఉన్నాయి. వైద్యులు ప్రత్యేకంగా వద్దన్నవారి సంగతి వేరు, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాడికి ఈ వృథా ఎందుకు? రెండోది, పెంకు గోధుమరంగులో ఉంటే బలమెక్కువని రెట్టింపు ధర పెట్టడం. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పోషకాలు కోడి తినే మేతను బట్టి మారతాయి. ఆ డబ్బుతో మామూలు గుడ్లు ఇంకొన్ని వస్తాయి.

ఇనుము విషయంలో మాత్రం గుడ్డునూ కారాన్నీ రెండింటినీ నమ్ముకోవద్దు. వయసు వచ్చిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. గుడ్డులో ఒక మిల్లీగ్రాముకు కాస్త తక్కువ ఉంటుంది, అదీ సొనలోని ఫాస్విటిన్‌ అనే మాంసకృత్తు గట్టిగా పట్టుకుని ఉండటం వల్ల అంతగా ఒంటికి పట్టదు. దానికి ఆకుకూరలు, చిరుధాన్యాలు, పప్పులు వేరే తినవలసిందే; తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే అందులోని విటమిన్‌ ‘సి’ వల్ల ఇనుము ఒంటికి బాగా పడుతుంది.

ఆ రైతు గారి అమ్మాయికి ఉడికించిన గుడ్డు వాసన నిజంగానే పడదు. అందుకని ఇంట్లో ఉల్లిపాయలు బాగా వేగనిచ్చి, గుడ్డు కొట్టి పోసి, దించే ముందు వెల్లుల్లి కారం చల్లి పెట్టమని చెప్పాను. నూనె, సొనలోని కొవ్వు తోడైతే కారంలోని కెరోటిన్లు కూడా బాగా ఒంటికి పడతాయి. బడిలో ఆ అమ్మాయి ఆ ఏడాదంతా గుడ్డు ముట్టలేదు కానీ, ఇంట్లో గుడ్డు కారం చేస్తే తమ్ముడికి కూడా మిగల్చడం లేదని వాళ్ళ అమ్మ తరవాత చెప్పారు.

మీ ఇంట్లో గుడ్డు తినే అలవాటు లేకపోతే కారం వైపు కాకుండా పప్పు వైపు చూడండి. ముప్పై గ్రాముల కందిపప్పులో ఒక గుడ్డుకు సరిపడా, ఆరున్నర గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పప్పులో కొరవడే అమైనో ఆమ్లాలను అన్నం, అన్నంలో కొరవడేవాటిని పప్పు పూరిస్తాయి. బి12 కోసం మాత్రం పాలు, పెరుగు తప్పనిసరిగా రెండు పూటలా ఉండాలి.