పాత వించెస్టర్ రైఫిల్ నలుపు పోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటున్నాం. జింకల వేటకి వెళ్లే మా పక్కింటి పెద్దాయన తన వించెస్టర్ మోడల్ 94 నాకిచ్చారు, 1950ల నాటిది. చేయి పట్టే చోట నలుపు పోయి ఇనుము తెల్లగా కనిపిస్తోంది. బ్యారెల్ మీద అక్కడక్కడా తుప్పు, కర్ర మీద సొట్టలు. మొత్తం గీకేసి కొత్తదానిలా చేయొచ్చా?

జవాబు: దయచేసి గీకకండి. 1964కి ముందు తయారైన మోడల్ 94ల కోసం సేకరణదారులు ప్రత్యేకంగా వెతుకుతారు, అరిగినా సరే ఫ్యాక్టరీ పూత ఉంటేనే వాళ్లకి విలువ, ఇంట్లో రుద్ది మళ్లీ నలుపెక్కిస్తే ఆ విలువ చాలావరకు పోతుంది. అరుగుదల అలాగే ఉంచి, తుప్పు ఒక్కటీ ఆపండి.

ముందు లివర్ తెరిచి ఛాంబర్‌లో (తూటా పేలే గది), బ్యారెల్ కింద తూటాలు నింపే ట్యూబ్‌లో తూటా లేదని కళ్లారా చూసుకోండి.

ఆ నలుపు పైన పూసిన పెయింట్ కాదు. దాన్ని బ్లూయింగ్ అంటారు, అదీ తుప్పులాగే ఒక రకం ఐరన్ ఆక్సైడే, అందుకే వెనిగర్ గానీ తుప్పు వదిలించే ద్రావకం గానీ రాస్తే తుప్పుతో పాటు మిగిలిన నలుపు కూడా ఊడిపోతుంది. పల్చటి గన్ ఆయిల్ రాసి రాత్రంతా నాననిచ్చి, 0000 నంబరు స్టీల్ వూల్‌తో (అతి సన్నటి ఇనుప పీచు) ఒత్తకుండా రుద్దండి, తుడిచి మళ్లీ ఆయిల్ రాయండి, అంతే. సీసాలో అమ్మే కోల్డ్ బ్లూ (వేడి చేయకుండా రాసే నలుపు మందు) చిన్న గీతకి పర్వాలేదు, పెద్ద భాగానికి రాస్తే మచ్చలుగా వస్తుంది, త్వరగా అరిగిపోతుంది కూడా. హాట్ బ్లూయింగ్ అయితే కాస్టిక్ సోడా, నైట్రేట్ ద్రావణాన్ని దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగించి చేసేది, ఇంట్లో దాని జోలికి పోవద్దు.

కర్రకి శాండ్ పేపర్ అసలు తగలనివ్వకండి. వాల్‌నట్ కర్ర అంచు పక్కనున్న ఇనుము కంటే కిందికి దిగిపోతే దాన్ని మళ్లీ పైకి తేలేం. స్టాక్ (రైఫిల్ కర్ర భాగం) విప్పి, సొట్ట మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి కర్రలోని నార ఉబ్బి చాలావరకు లేస్తుంది, నార తెగిన చోట మాత్రం లేవదు. పూత పోయిన చోట బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ (త్వరగా ఆరేలా చేసిన అవిసె నూనె) కొన్ని చుక్కలు అరచేత్తో రుద్ది, మిగులు తుడిచేసి, ఆరాక మళ్లీ రాయండి. ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి పడేయకండి, గాలి తగిలి వాటంతటవే వేడెక్కి మంటలు అంటుకోవచ్చు. నీళ్లున్న మూత డబ్బాలో వేయండి.

తోలు కవర్‌లో ఎక్కువకాలం ఉంచకండి, అది తేమ పట్టి మళ్లీ తుప్పు తెస్తుంది.