ఆ హెచ్చరిక చూసి జడవాలా?

ప్రశ్న: చిక్కడపల్లిలో మాకు చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. పెళ్లికార్డుల డిజైన్లన్నీ ఒక లైనక్స్ సర్వర్‌లో ఉంటాయి. అది సెట్ చేసిన కుర్రాడు కెనడా వెళ్తూ, "అంకుల్, వెబ్‌మిన్ వేశాను. బ్రౌజర్‌లో సర్వర్ ఐపీ అడ్రస్ కొట్టి చివర 10000 పెట్టండి, అన్నీ అందులోనే" అన్నాడు. తీరా తెరిస్తే కనెక్షన్ సురక్షితం కాదంటోంది. వాడొచ్చా? ఇంటి నుంచి చూసుకోవాలంటే రూటర్‌లో ఆ 10000 పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారం) తెరవాలంటున్నారు. తెరవమంటారా?
- ఓ పాఠకుడు

జవాబు: వెబ్‌మిన్ అంటే బ్రౌజర్‌లోంచే సర్వర్‌ను నడిపించే సాధనం. 'నేను ఫలానా సర్వర్‌ని' అని చూపే సర్టిఫికెట్‌ను అది తానే తయారుచేసుకుంటుంది. మన సంతకానికి మనమే సాక్షి సంతకం పెట్టుకున్నట్టు. మీరు పంపేది గుప్తంగానే వెళ్తుంది గానీ, అవతలున్నది మీ సర్వరేనని పూచీ పడేవాళ్లు లేరు. అందుకే బ్రౌజర్ గోల. ప్రెస్‌లోనే కూర్చుని తెరుస్తుంటే కంగారక్కర్లేదు.

నిక్షేపంగా వాడండి. 1997లో జేమీ కామెరాన్ పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి విడుదల చేసిన సాధనం, ఇప్పటికీ నడుస్తోంది. యూజర్లను చేర్చడం, సాంబా షేర్లు (మిగతా కంప్యూటర్లతో పంచుకునే ఫోల్డర్లు), రాత్రిపూట బ్యాకప్, అన్నీ మౌస్‌తో అయిపోతాయి. నాకు నచ్చేదేమిటంటే, సెట్టింగులు వేరే ఎక్కడో దాచుకోదు, సర్వర్‌లోని అసలు ఫైళ్లనే దిద్దుతుంది. చేత్తో రాసిన షేరు కూడా అందులో కనబడుతుంది. ఎవరెప్పుడు ఏం మార్చారో 'యాక్షన్స్ లాగ్'లో ఉంటుంది. ప్రెస్‌లో ఇద్దరు ముగ్గురు వాడేట్టయితే తలా ఒక లాగిన్ ఇవ్వండి, లేదంటే తప్పులన్నీ 'రూట్' (సర్వర్ మీద సర్వాధికారాలున్న యూజర్) ఖాతాలోకే.

పోర్టు మాత్రం తెరవొద్దు.

నేనూ ఒకప్పుడు తెరిచే పెట్టాను. 'ఐపీ యాక్సెస్ కంట్రోల్'లో కూకట్‌పల్లి మా ఇంటి ఐపీ ఒక్కటే రాసి, ఇంకెవరొస్తారులే అనుకున్నాను. ఆ రాత్రి వాన. కరెంటు పోయి వచ్చేసరికి రూటర్‌కి కొత్త ఐపీ. నా సర్వర్ నన్నే గుమ్మం బయట నిలబెట్టింది. అర్ధరాత్రి బండేసుకుని మాదాపూర్ వెళ్లి, సర్వర్‌కి కీబోర్డు తగిలించి, వెబ్‌మిన్ సొంత సెట్టింగులుండే 'మినీసర్వ్' కాన్ఫిగ్ ఫైల్‌లో 'అలో' అని మొదలయ్యే లైను తీసేసి రీస్టార్ట్ చేస్తే గానీ దారి ఇవ్వలేదు. (వాచ్‌మన్ నన్ను దొంగనుకున్నాడు, అది వేరే కథ.) ఆ నల్ల తెర మీద నాలుగు కమాండ్లు రాకపోతే తెల్లారేదాకా అక్కడే. మీరూ ఆ నాలుగూ నేర్చుకోండి.

నాది పరువుతో పోయింది. 2019 ఆగస్టులో బయటపడింది చూడండి: వెబ్‌మిన్‌ను తయారుచేసే యంత్రంలోకే ఎవరో దూరి, పాస్‌వర్డ్ మార్చే ఫైల్లో దొంగదారి పెట్టారు. 1.890 నుంచి 1.920 దాకా వెర్షన్లలో అది ఉంది, ఏడాదికి పైగా ఎవరి కంటా పడలేదు. 1.930లో తీసేశారు. 10000 పోర్టు ఎక్కడ తెరిచుందా అని వెతికే ప్రోగ్రాములు నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి.

ఇంటి నుంచి కావాలంటే మీ రూటర్‌లో వీపీఎన్ (బయటి నుంచి ప్రెస్ నెట్‌వర్క్‌లోకి గుప్తమైన దారి) ఉందేమో చూడండి. లేదంటే పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, కీతో (మీ కంప్యూటర్‌లో ఉండే తాళంచెవి ఫైలు) మాత్రమే పనిచేసే ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి గుప్తంగా లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టుకుని, ఆ టన్నెల్ గుండా వెబ్‌మిన్ తెరవండి. రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగేది) కూడా వెబ్‌మిన్‌లోనే ఉంది, ఆన్ చేయండి.

వెర్షన్ నంబరు మొదటి పేజీలోనే కనబడుతుంది. అది 1.930 కంటే పాతదైతే నాకు మళ్లీ ఉత్తరం రాసేలోపే ఆ సర్వర్ నెట్ కేబుల్ పీకేయండి.