ఓడిన నాయకుడి జీవితం రాస్తున్న మిత్రునికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తర ఐర్లండ్ నేషనలిస్ట్ పార్టీ నాయకుడు ఎడ్డీ మెకటీర్ మీద నువ్వు రాసిన ముసాయిదా చదివాను. 1953 నుంచి గెలుస్తూ వచ్చిన, డెరీ నగరంలోని ఫోయిల్ స్థానాన్ని 1969 ఉత్తర ఐర్లండ్ పార్లమెంటు ఎన్నికల్లో ఆయన స్వతంత్ర అభ్యర్థి జాన్ హ్యూమ్‌కు పోగొట్టుకోవడంతో కథ మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి నడిచావు. దానివల్ల ఆయన జీవితమంతా ఆ ఓటమికి వేసుకున్న బాటలా కనబడుతోంది. ఆ ప్రకరణాన్ని దాని కాలక్రమంలోకి మార్చు. ఏ సంవత్సరం గురించి రాస్తున్నావో ఆ సంవత్సరంలో ఆయనకు తెలిసిన సంగతులతోనే ఆయన నిర్ణయాన్ని తూచు.

1965 ఫిబ్రవరిలో ఆయన నాయకత్వంలోని నేషనలిస్ట్ పార్టీ ఉత్తర ఐర్లండ్ పార్లమెంటులో అధికారిక ప్రతిపక్షంగా ఉండడానికి ఒప్పుకోవడాన్ని నువ్వు ఒక్క వాక్యంలో లొంగుబాటు అనేశావు. ఐర్లండ్‌ను చీల్చి ఉత్తర భాగాన్ని బ్రిటన్ కింద ఉంచిన విభజననే అంగీకరించని పార్టీకి, ఆ విభజనతో పుట్టిన సభలో అలాంటి హోదా తీసుకోవడం చిన్న విషయం కాదు. కానీ జనవరిలో దక్షిణాన ఉన్న స్వతంత్ర ఐర్లండ్ ప్రధాని షాన్ లెమాస్ స్వయంగా బెల్‌ఫాస్ట్‌కు వచ్చి ఉత్తరాది ప్రధాని టెరెన్స్ ఓనీల్‌ను కలిసి వెళ్లాక, యాభై రెండు మంది సభలో తొమ్మిది మందితో కూర్చున్న మెకటీర్ ఇంకా దూరంగానే ఉంటానని ఏ ముఖంతో అనగలడు? ఆయనకు వేరే దారి లేదనే నా అభిప్రాయం. నువ్వు ఒప్పుకోనక్కరలేదు, కానీ పాఠకుడికి ఆ ఇరకాటం కనబడాలి.

అదే ఫిబ్రవరిలో కొత్త విశ్వవిద్యాలయాన్ని డెరీకి కాక కోల్‌రేన్‌కు ఇవ్వాలన్న సిఫారసు వెలువడింది. డెరీలో కాథలిక్కులే అధిక సంఖ్యాకులైనా, వార్డుల విభజన పుణ్యమా అని నగరపాలన బ్రిటన్‌తోనే ఉండాలనే, ఎక్కువగా ప్రొటెస్టెంట్లైన యూనియనిస్టుల చేతుల్లోనే ఉండేది. అలాంటి ఊరి యూనియనిస్టు మేయరూ మెకటీరూ ఒకే కారులో కూర్చుని, నిరసన వాహనాల బారుతో పార్లమెంటు ఉన్న స్టార్మాంట్‌కు వెళ్లారు. ఆ ఉద్యమాన్ని ముందుండి నడిపినవాడు హ్యూమ్. ఇంతటి ఘట్టానికి నువ్వు రెండు పంక్తులే ఇచ్చావు. సహకరించడానికి సిద్ధపడిన ప్రతిపక్షానికి ప్రభుత్వం ఏం ముట్టజెప్పిందో ఇక్కడే తెలుస్తుంది కనుక, నేనైతే దీనికి పది పేజీలు కేటాయిస్తాను.

మెకటీర్ సోదరుడు, విభజనను ఆయుధాలతో ఎదిరించిన ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) నాయకుడు హ్యూ, 1943లో బెల్‌ఫాస్ట్ జైలు నుంచి తప్పించుకున్న కథను మాత్రం కుదించు. ఉత్కంఠ ఉంది గనుక నీ కలం అటు లాగిందని అర్థమైంది, కానీ ఎడ్డీ ఎంచుకున్న దారి వేరు. పన్నుల శాఖలో ఉద్యోగం చేసి వచ్చిన ఈ మనిషి, ప్రశ్నలతో, అభ్యంతరాలతో, జాప్యంతో ప్రభుత్వ కార్యాలయాల పనిని స్తంభింపజేయమని 1948లో కరపత్రం రాశాడు. సహాయ నిరాకరణ ఎరిగిన మన పాఠకులకు ఇది వెంటనే అందుతుంది. అలాంటివాడు పదిహేడేళ్లకు ప్రతిపక్ష హోదా ఎందుకు తీసుకున్నాడన్నదే నీ పుస్తకానికి అసలు ప్రశ్న.

1968 అక్టోబరు 5న డెరీలో పౌరహక్కుల ఊరేగింపు మీద పోలీసులు లాఠీలు ఝళిపించడం, ఆ నెలలోనే పార్టీ ఆ హోదాను వదులుకోవడం నువ్వు బాగానే రాశావు, వాటిని కదిలించకు. ముందు 1965 ప్రకరణాన్ని తిరగరాసి పంపు. మిగతా వాటి సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.