విండోస్ 98కి ఫైళ్లు పంపాలి, ఎస్ఎంబీ1 ఆన్ చేయాలా?

ప్రశ్న: విండోస్ 98 ఉన్న పాత పీసీని బాగుచేసుకుని, టర్బో సీ అనే పాత సీ కంపైలర్‌లో ప్రోగ్రాములు రాస్తున్నాను. కొత్త ల్యాప్‌టాప్‌లోని షేర్డ్ ఫోల్డర్ దాంట్లో ఓపెన్ కాలేదు. ఆన్‌లైన్‌లో చూసి ల్యాప్‌టాప్‌లో ఎస్ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ప్రోటోకాల్ పాత వెర్షన్) ఆన్ చేశాను. ఇప్పుడేమో పాస్‌వర్డ్ తప్పంటోంది. ఇంకేం మార్చాలి?

జవాబు: ఇంకేమీ మార్చకండి. ముందు ఆ ఎస్ఎంబీ1ని ఆఫ్ చేసేయండి. ఇదే ప్రశ్న ఇంకా చాలామంది పంపుతున్నారు, అందరూ చదివింది ఇలాంటి సలహానే.

మీరు ఆగిపోయిన చోటు చూడండి. పాస్‌వర్డ్ సరిచూసుకోవడానికి విండోస్ 98 మామూలుగా వాడేది పాత ల్యాన్ మేనేజర్ పద్ధతి. అది పాస్‌వర్డ్‌లోని అక్షరాలన్నిటినీ పెద్దక్షరాలు చేసి, 14 దగ్గర కత్తిరించి, ఏడేసి అక్షరాల రెండు ముక్కలుగా విడదీస్తుంది. నెట్‌వర్క్‌లో దాన్ని పట్టుకున్నవాడు ఒక్కో ముక్కను విడిగా ఛేదించుకోవచ్చు. కొత్త విండోస్ అందుకే ఒప్పుకోవట్లేదు. మీరు చదివిన సలహాలో తర్వాతి మెట్టు ఆ కట్టడిని కూడా సడలించమనడమే. సరదాకి బాగుచేసుకున్న పీసీ కోసం, బ్యాంకు లావాదేవీలు చేసే ల్యాప్‌టాప్‌ను ఒక్కో మెట్టూ కిందికి దించుతున్నారన్నమాట.

2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పాకింది ఎస్ఎంబీ1 లోపం గుండానే. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు, నెట్‌వర్క్‌లో ఒక మెషీన్‌కు సోకితే చాలు. ఆ లోపాన్ని పూడ్చే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు మునిగారు. ‘ఆ లోపం పూడ్చేశారుగా’ అంటారేమో. నిజమే. కానీ ఆ ప్రోటోకాల్‌లో డేటాకు ఎన్‌క్రిప్షనే లేదు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ1 సర్వర్‌ను డిఫాల్ట్‌గా ఇవ్వడం మానేశారు. తీసేసిన దాన్ని వెతికి మరీ ఆన్ చేయమని రాసేవాళ్లు, పని అయ్యాక ఆఫ్ చేయమని ఒక్క లైనైనా రాయరు. నాకు కోపం తెప్పించేది అదే.

మీ పనికి నల్ మోడెమ్ కేబుల్, అంటే రెండు కంప్యూటర్ల సీరియల్ పోర్టులను నేరుగా కలిపే కేబుల్, సరిపోతుంది. విండోస్ 98లోనే హైపర్ టెర్మినల్ అనే ప్రోగ్రాం ఉంది, జడ్‌మోడెమ్ అనే ఫైల్ బదిలీ పద్ధతితో ఫైల్ అందుకుంటుంది. సెకనుకు 1,15,200 బిట్ల స్పీడ్‌లో సెకనుకు సుమారు 11 కేబీ. ఫ్లాపీ నిండా ఉన్న 1.44 ఎంబీ కూడా రెండు నిమిషాల పైచిలుకులో వెళ్లిపోతుంది. మధ్యలో బైట్లు పోతుంటే స్పీడ్ తగ్గించండి. ఇంకా పాత పద్ధతి ఎక్స్‌మోడెమ్ మాత్రం వద్దు. అది 128 బైట్ల బ్లాకుల్లో పంపుతూ చివరి బ్లాకు ఖాళీని ఉత్త బైట్లతో నింపేస్తుంది, ఫైల్ సైజు మారిపోతుంది.

ల్యాప్‌టాప్‌కు సీరియల్ పోర్టు ఉండదు కాబట్టి యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. ఇక్కడ జాగ్రత్త. మైక్రోకంట్రోలర్ల (చిన్న పరికరాల్లోని కంట్రోల్ చిప్‌ల) కోసం తయారుచేసినవి 3.3 లేదా 5 వోల్టులకే. పీసీ పోర్టులో ప్లస్, మైనస్ 12 వోల్టుల దాకా ఉండొచ్చు. తప్పుది తగిలిస్తే అడాప్టర్ కాలిపోవచ్చు. రెండింటినీ ‘యూఎస్‌బీ టు సీరియల్’ అనే అమ్ముతారు, వోల్టేజీ పెద్దక్షరాల్లో అచ్చువేయడానికి ఏం అడ్డమో! 2014లోనైతే ఒక డ్రైవర్ అప్‌డేట్, నకిలీ చిప్ ఉన్న కేబుళ్ల గుర్తింపు నంబరును సున్నా చేసేసి వాటిని మూలన పడేసింది. నకిలీ చేసినవాణ్ని వదిలేసి, తెలియక కొన్నవాళ్ల కేబుల్‌ను చంపడం నా దృష్టిలో దౌర్జన్యమే. ఇలాంటివాటి వల్లే జనం అప్‌డేట్లంటే భయపడి ఆపేస్తున్నారు, వానాక్రై లాంటివాటికి దొరికిపోతున్నారు.

కోడ్ ల్యాప్‌టాప్‌లోనే రాయండి. ఓపెన్ వాట్‌కామ్ అనే కంపైలర్ అక్కడే 16 బిట్ డాస్ ప్రోగ్రాం తయారుచేస్తుంది, పాత డాస్ పీసీని అనుకరించే డాస్‌బాక్స్‌లో నడిపి చూసి ఎగ్జిక్యూటబుల్ ఒక్కటే పంపండి. మామూలు 64 బిట్ కంపైలర్‌తో పరీక్షించి సరిపెట్టుకోవద్దు. అక్కడ పూర్ణాంకాలు దాచే ‘ఇంట్’ 32 బిట్లు, టర్బో సీలో 16. 32,767 దాటగానే మీ లెక్క మైనస్ 32,768కి పడిపోతుంది, కొత్త మెషీన్‌లో ఆ తప్పు కనిపించదు.