పాఠకుల ప్రశ్నలు: బిళ్ళ మీద కనిపించని చిత్రకారుడు

గత సంచికలో తపాలా బిళ్ళల సేకరణ గురించి రాసిన నాలుగు మాటలకు సరిహద్దు జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నేను అనుకోలేదు. వాటిలో ఎక్కువ భాగం బిళ్ళ మీది బొమ్మను గీసిన చేతుల గురించే అడుగుతున్నందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన ఒక పాత కవరు మీద కోణార్క గుర్రం బొమ్మ ఉన్న అర్ధణా బిళ్ళలు నాలుగున్నాయి. భూతద్దంతో వెతికినా ఎక్కడా చిత్రకారుడి పేరు కనిపించలేదు. పేరు ఎందుకు వేయరు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మీకు దొరికినవి 1949 ఆగస్టు 15న విడుదలైన పురావస్తు వరుసలోని ఆరు పైల, అంటే అర్ధణా, బిళ్ళలు. స్వతంత్ర భారతంలో ఆరవ జార్జి రాజు ముఖం స్థానంలో నిత్య వాడుకకు వచ్చిన ఆ 16 బిళ్ళల మీద అజంతా, ఎలిఫెంటా త్రిమూర్తి, సాంచీ తోరణం వంటి మన శిల్ప సంపద కనిపిస్తుంది. ఆ వరుసలో ఒడిశా రాతిగుర్రం అర్ధణా బిళ్ళకెక్కి ఊరూరికీ చేరడం నాకు ఎప్పటికీ ఇష్టమైన విషయం.

బిళ్ళ మీద చిత్రకారుడి పేరు వేసే ఆచారం మన దేశంలో స్థిరపడలేదు. ఫ్రాన్సు బిళ్ళలను చూస్తే బొమ్మ కింది అంచున చీమ తలకాయంత అక్షరాలతో చిత్రకారుడి పేరు, చెక్కిన వారి పేరు కనిపిస్తాయి. అసలు బొమ్మ ప్రాచీన శిల్పిదే కదా, దాన్ని బిళ్ళలోకి దించినవారికి అంత ప్రాధాన్యం ఎందుకని కొందరు అనవచ్చు. దీనికి సమాధానం అదే వరుసలోని అణా బిళ్ళలో ఉంది. దాని మీది బోధిసత్త్వుడి విగ్రహం 1949లో కుడి ఎడమలు తారుమారై అద్దంలో చూసినట్లు అచ్చయింది. 1950లో సరిచేసి మళ్ళీ ముద్రించవలసి వచ్చింది. శిల్పం ఎంత గొప్పదైనా, దాన్ని బిళ్ళకు దించే దశలో ఒక్క పొరపాటు జరిగితే మూర్తి చేయి మారిపోతుంది. అంత బాధ్యత మోసేవారి పేరు బిళ్ళ మీదే ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: నేను బరంపురంలో చిత్రలేఖనం చదువుతున్నాను. డ్రాయింగు కాగితం మీద చక్కగా ఉన్న బొమ్మ, బిళ్ళంత చేసేసరికి ముద్దగా మారుతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
— విద్యార్థిని, బరంపురం

జవాబు: మీరు పెద్ద బొమ్మ గీసి దాన్ని చిన్నది చేస్తున్నారు, గీసే ముందే చిన్నదిగా ఆలోచించడం అలవాటు చేసుకోవాలి. మన స్మారక బిళ్ళల్లో తరచుగా కనిపించే కొలత సుమారు 3.9 సెంటీమీటర్ల పొడవు, 2.9 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. అందులోనే నాగరి లిపిలో దేశం పేరు, ఇంగ్లీషులో దేశం పేరు, విలువ, సంవత్సరం, విషయం పేరు కూడా ఇమడాలి. వీటిని చివర్లో ఏదో ఒక మూల సర్దుదామనుకుంటే బొమ్మ చెడుతుంది కాబట్టి మొదటి గీత కంటే ముందే వాటి చోటు నిర్ణయించుకోండి.

ఏం వేయాలన్నదాని కంటే ఏం వదలాలన్నదే ఇక్కడ కష్టమైన పని. 1956లో బుద్ధుడి 2500వ పరినిర్వాణ సందర్భానికి వచ్చిన బిళ్ళలను చిత్తరంజన్ పక్రాశి రూపొందించారు. వాటిలో బుద్ధుడి రూపమే లేదు. ఒకదాని మీద బోధివృక్షం, మరొకదాని మీద ఛత్రంతో కూడిన బోధివృక్షం ఉన్నాయి. మన అమరావతి శిల్పులు కూడా తొలినాళ్ళలో బుద్ధుణ్ణి చెట్టుగా, పాదాలుగా, ఖాళీ ఆసనంగానే చూపారు. అరచేతిలో సగం కూడా లేని జాగాలో ఒక ముఖం ఇవ్వలేని నిండుదనాన్ని నాలుగు రావి ఆకులు ఇవ్వగలవని ఆ బిళ్ళను చూసిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

మీ ప్రాంతంలోనే ఇంకా మంచి పాఠశాలలున్నాయి. రాయగడ, గజపతి జిల్లాల్లో సవరలు గోడల మీద వేసే బొమ్మల్లో మనిషి రెండు త్రికోణాలు, నాలుగు గీతలు మాత్రమే. ఎంత తగ్గించినా మనిషి మనిషిగానే కనిపిస్తాడు. పర్లాకిమిడిలో గంజప అనే పేకముక్కల మీద బొమ్మలు వేసేవారు దేవతామూర్తులను చిన్న గుండ్రటి ముక్క మీదే ఒదిగిస్తారు కాబట్టి ఏ గీత నిలుస్తుందో, ఏది కలిసిపోతుందో వారి చేతికి తెలుసు. నిండుగా అల్లిన పటచిత్రపు అంచును మాత్రం ఉన్నదున్నట్లు బిళ్ళలోకి దించకండి. అందులోంచి ఒక్క మూర్తిని ఎంచుకోండి.

బొమ్మ పూర్తయ్యాక జిరాక్సు యంత్రం మీద అసలు కొలతకు తగ్గించి, చేయి చాచి పట్టుకుని చూడండి. తర్వాత దాని మీద అడ్డంగా నల్లటి ముద్ర కొట్టి మళ్ళీ చూడండి. బిళ్ళ బతుకంతా ఆ ముద్ర కిందే గడుస్తుంది. అప్పటికీ విషయం బోధపడితే మీ రూపకల్పన నిలిచినట్లే. తపాలా శాఖ బాలల దినోత్సవపు బిళ్ళకు పిల్లల చిత్రాలను ఆహ్వానించడమే కాక, అప్పుడప్పుడు అందరికీ పోటీలు ప్రకటిస్తుంటుంది కాబట్టి వాటిని గమనిస్తూ ఉండండి.

ప్రశ్న: మా ఊళ్ళో ఎనభై ఏళ్ళు దాటిన జానపద కళాకారుడున్నారు. ఆయన మీద బిళ్ళ వేయించడం సాధ్యమా?
— పాఠకుడు, గుణుపురం

జవాబు: జీవించి ఉన్నవారి మీద సాధారణంగా వేయరు; మరణించిన పదేళ్ళ తర్వాతనే పరిశీలించడం తపాలా శాఖ పాటించే పద్ధతి. మినహాయింపులు కొన్ని ఉన్నాయి: 1958లో మహర్షి కర్వే, 1960లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య, 1974లో బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి బతికి ఉండగానే బిళ్ళల మీద కనిపించారు. అయితే కళారూపం మీద బిళ్ళ కోరడానికి ఈ అడ్డు లేదు. ఆయన కళ పేరుతో, మంచి ఛాయాచిత్రాలతో, చాలా ముందుగా ప్రతిపాదన పంపండి.

ప్రశ్న: మా మావయ్యగారు దాచిన స్వీడన్ బిళ్ళను వేలితో తడిమితే గీతలు గరుకుగా తగులుతున్నాయి. మన బిళ్ళలు నున్నగా ఉంటాయెందుకు?
— గృహిణి, రాయగడ

జవాబు: అది ఉక్కు పలక మీద చేత్తో చెక్కి అచ్చువేసిన బిళ్ళ అయి ఉంటుంది. చెక్కిన గాడుల్లో నిలిచిన సిరాను కాగితం ఒత్తిడితో పైకి లాగుతుంది కాబట్టి గీత ఉబ్బెత్తుగా మిగులుతుంది. మన స్మారక బిళ్ళలు ఎక్కువగా సిరా పలచగా పరుచుకునే గ్రావ్యూర్, ఆఫ్‌సెట్ పద్ధతుల్లో అచ్చవుతాయి, అందువల్ల నునుపు. కింది అంచున స్లానియా అనే పేరు ఉందేమో చూడండి. పోలండులో పుట్టి స్వీడన్‌లో స్థిరపడిన చెస్లావ్ స్లానియా తన జీవితంలో వెయ్యికి పైగా బిళ్ళలను చెక్కారు. 2000లో వచ్చిన ఆయన వెయ్యవ బిళ్ళ ఒక పాత వర్ణచిత్రానికి చేసిన చెక్కుడు. పలక మీద తిరగేసి చెక్కే ఆ చేతికి ఒక గీత తప్పితే చెరపడం దాదాపు అసాధ్యం.

ప్రశ్న: మన బిళ్ళలు ఎక్కడ అచ్చవుతాయి?
— పాఠకుడు, సిరోంచ

జవాబు: మీ మహారాష్ట్రలోనే, నాసిక్ రోడ్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్‌లో 1920ల నడిమి నుంచి అచ్చవుతున్నాయి. హైదరాబాదులోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ కూడా చాలా బిళ్ళలను ముద్రిస్తుంది.

ప్రశ్న: బిళ్ళ మీద పేరు లేనప్పుడు ఎవరు గీశారో మాలాంటివారు తెలుసుకునేదెలా?
— పాఠకురాలు, బరంపురం

జవాబు: ప్రతి స్మారక బిళ్ళతో పాటు తపాలా శాఖ ఒక సమాచార పత్రాన్ని విడుదల చేస్తుంది. అందరూ బ్రోషరు అంటారు. దాని చివర సాంకేతిక వివరాల్లో బిళ్ళను, విడుదల రోజున వచ్చే తొలిరోజు కవరును, దాని మీది ముద్రను రూపొందించిన వారి పేర్లు, ముద్రణ పద్ధతి, ముద్రణాలయం ఉంటాయి. వాటిని వరుసగా చదువుతూ పోతే శంఖ సామంత వంటి పేర్లు మళ్ళీ మళ్ళీ ఎదురై, ఒక్కొక్కరి గీత ఎలా ఉంటుందో మీకే పట్టుబడుతుంది. భువనేశ్వర్ ప్రధాన తపాలా కార్యాలయం (జీపీవో)లో సేకరణదారులకు బిళ్ళలమ్మే ఫిలాటెలిక్ బ్యూరోలో బిళ్ళతో పాటు బ్రోషరును కూడా అడిగి తీసుకోండి. చాలామంది బిళ్ళ తీసుకుని దాన్ని వదిలేసి వస్తారు. ఇంటికి వచ్చాక ఆల్బమ్‌లో బిళ్ళ పెట్టిన చోటు కింద, కాగితం మీదే, రూపకర్త పేరును మెత్తని పెన్సిలుతో రాసిపెట్టుకోండి. సిరా కలం వాడకండి. మీ ఊరి సముద్రపు తేమకు అది కాగితంలోకి పాకి బిళ్ళ దాకా వస్తుంది.